మీటరాయన షేర్లు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, చెవి ఇటు పెట్టు. కథ చిన్నదే కానీ, సగంలో లేచిపోయావంటే నష్టం నీకే.

"అమ్మేయండి" అంది భార్య, కుట్టుమిషను ఆపి.

"అమ్మను" అన్నాడు మీటరాయన.

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. ఎక్కిన మెట్లకు లెక్కలేదు, మోకాలు అరిగి కూర్చుంది. ఆపరేషను చేయించుకుని రా, లేదంటే ఉద్యోగం మానుకో అని ఆఫీసులో తేల్చేశారు. కూడబెట్టిందంతా చూస్తే, తీగల్లేకుండా కబురందించే పరికరాలు చేసే ఒక కంపెనీ షేర్లలో ఇరుక్కుని ఉంది.

"ఇప్పుడున్నది మొలకేనట. పదేళ్ళు ఆగితే ఇరవై రెట్లవుతుందని ఫోనులో షేర్ల పాఠాలు చెప్పే ఆ కళ్ళజోడాయన లెక్కలు వేసి మరీ చెప్పాడు. ముందు ముందు లోకంలో తీగ అనేదే కనపడదట."

"పదేళ్ళ దాకా మీ కాలు ఆగుతుందేమో, అది కూడా ఆ కళ్ళజోడాయన్నే అడగండి."

"కిందటి నెల షేరు పడిపోయింది. పడ్డప్పుడు ఎవడైనా అమ్ముతాడా?"

"ఇవాళ పెరిగిందన్నారుగా."

"పెరుగుతున్నదాన్ని ఎవడమ్ముతాడే?"

"పడితే అమ్మరు, పెరిగితే అమ్మరు. అది షేరు కాదు, నాకు సవతి."

మీటరాయన నవ్వబోయి కాలు కదిపాడు. ప్రాణం పోయినంత పనైంది. పళ్ళు బిగబట్టిన ఆ మొహం చూసి ఆమె గొంతు దిగిపోయింది.

"మీకు దణ్ణం పెడతాను. ఆ కాలు నిలబడితేనే మనం నిలబడేది. నా కుట్టుకూలి ఇంటద్దెకే చాలడం లేదు."

ఎంత మొండివాడైనా ఆ మాటకు మెత్తబడక ఏం చేస్తాడు? "సరేలే, అమ్మేస్తున్నా" అని వేలు ఫోను మీదికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే అది మోగింది, స్పీకరు నొక్కాడు. ఆఫీసరు.

"కాలెలా ఉందోయ్?"

"ఆపరేషనుకు డబ్బు సర్దుతున్నానండి. కట్టు విప్పగానే వచ్చేస్తాను, ఎన్ని అంతస్తులైనా ఎక్కేస్తాను."

"అందుకే చేశా. ఉద్యోగం కోసమైతే కంగారుపడి కోయించుకోకు. కొత్త మీటర్లొస్తున్నాయి. రీడింగు వాటంతటవే ఆఫీసుకు పంపేస్తాయి. తిరిగే మనుషులక్కర్లేదని మీ అందరినీ తీసేస్తున్నారు."

వలలో పడ్డ చేపైనా గిలగిల్లాడుతుంది, మీటరాయన అదీ చేయలేకపోయాడు. భార్య చేతిలోంచి గుడ్డ జారి కింద పడింది.

"ఎవరివండీ ఆ మీటర్లు?" అన్నాడు చివరికి, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

ఈ కథ మనసులో పెట్టుకో తల్లీ, నలుగురికీ చెప్పు. ఏ ముక్క మరిచినా పరవాలేదు, ఆఫీసరు ఇచ్చిన జవాబు మాత్రం మింగేయకు: "నీ కంపెనీవేనోయ్. ఏడాదిగా టీ తాగినప్పుడల్లా నువ్వు ఊదరగొడుతుంటేనే కదా, దాని పేరు పైవాళ్ళకు నేను రాసి పంపింది."