పాత ఓడలో మరమ్మతులు

గది తలుపు గడియ మొదటి రోజే ఊడి చేతికొచ్చింది.

"పాత ఓడ కదండీ, ఇలాంటివి మామూలే," అంది భార్య. కొత్త ఓడల్లో చోటున్నా వద్దని, ఎనిమిది రోజుల విహారానికి ఈ ముసలి ఓడనే ఏరికోరి ఎంచుకున్నది ఆవిడే.

"ఊఁ," అన్నాడు ఫోర్‌మన్.

బస్సుల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడాయన. ఇంట్లో కూర్చుని ఎనిమిది నెలలు. అన్నం పెట్టినా ఊఁ, కూతురు ఫోన్ చేసినా ఊఁ. మిగతా వేళంతా గోడకేసి చూస్తూ కూర్చోవడమే.

భార్య వెళ్ళి ఓడ మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చింది. అతనికీ అరవై దాటే ఉంటాయి. కానీ మనిషి నిటారుగా ఉన్నాడు. నీలం చొక్కా, ఒత్తుగా తెల్లటి మీసం. ఐదు నిమిషాల్లో గడియ బిగించి చేతులు దులుపుకున్నాడు.

"అబ్బ, ఎంత పనిమంతులండీ మీరు!" అంది ఆవిడ.

పనిమంతులట! ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారైనా తన చెవిన పడలేదు. మెకానిక్ అటు వెళ్ళగానే ఫోర్‌మన్ లేచి గడియ మీదికి వంగాడు.

"వీడి మొహం. స్క్రూ వంకరగా దిగింది, మర చెడిపోయింది," అన్నాడు.

ఎనిమిది నెలల్లో ఆయన అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ చప్పున తలెత్తి, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు స్నానాలగదిలో కుళాయి కారడం మొదలెట్టింది.

"ఉండండి, ఆయన్ని పిలుచుకొస్తా."

"ఆయనెందుకూ? నేను చచ్చానా?"

పెట్టెలో, ఆవిడ బట్టల అడుగున, ఆయన పాత పనిముట్ల సంచి బయటపడింది. పొరపాటున వచ్చుంటుందిలెండి, అంది ఆవిడ. గంటసేపు నానా తంటాలూ పడి ఆయన కుళాయి నోరు మూయించాడు.

"ఇప్పుడు చూడు!"

ఆవిడ చూసింది. "బానే ఉంది. ఆయనైతే పది నిమిషాల్లో చేసేసేవారేమో."

పుండు మీద కారం చల్లినట్టయింది.

మూడోరోజు ఫ్యాను లొడలొడమంది. నాలుగోరోజు మంచం కోడు ఊగింది. మెకానిక్‌ని గడప తొక్కనివ్వకుండా రెండూ ఆయనే సరిచేశాడు. వరండాలో పక్కగది పెద్దాయన కనబడితే నిలబెట్టి వాపోయాడు.

"పాత ఓడ ఎక్కకూడదండీ. రోజుకొకటి ఊడుతోంది."

"మా గదిలో నీళ్ళు మొదట కాస్త ఎర్రగా వస్తాయి. గోడలు కిర్రుమంటాయి. లిఫ్టు సంగతి సరేసరి, దాని కోసం చూసేకంటే మెట్లెక్కితే ముందు చేరతాం," అన్నాడు పెద్దాయన. "కానీ ఊడటమంటూ ఏమీ లేదే!"

మా రాత, అనుకున్నాడు ఫోర్‌మన్.

ఆయన బాధ అది కాదు. రోజూ భోజనం కాగానే భార్య ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి, చేతికి పేపరిచ్చి, "అలా గాలి పీల్చుకొస్తా, మీరు కదలకండి," అని మాయమవుతోంది. వచ్చేటప్పుడు ఆ మొహంలో ఏదో వెలుగు. మెట్ల దగ్గర మెకానిక్ ఎదురైతే ఇద్దరూ ఒకర్నొకరు చూసి చూడనట్టు తప్పుకుంటున్నారు.

ఐదోరోజు ఆయన పేపరు మడిచి వెనకాలే వెళ్ళాడు.

ఓడ వెనక భాగంలో, లైఫ్‌బోటు పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నారు ఇద్దరూ. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పెళ్ళైన కొత్తలో నవ్విన నవ్వది. అది తనింట్లో వినబడి ఎన్నాళ్ళైందో ఆయనకి గుర్తు రాలేదు.

తర్వాత ఆవిడ అటూ ఇటూ చూసి, సంచిలోంచి ఏదో తీసి వాడి చేతిలో పెట్టింది.

గది తాళంచెవి.

ఆయన వచ్చిన దారినే వెనక్కి తిరిగి, హాల్లో పేపరు తెరిచి కూర్చున్నాడు.

సాయంత్రం గదిలోకి వెళ్ళేసరికి అద్దం చట్రం ఊడి వేలాడుతోంది. "చూశారా, మళ్ళీ!" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు. అడిగేద్దామనుకున్నాడు. నోరు తెరిచే బదులు పనిముట్ల సంచి తెరిచాడు. చట్రం బిగిస్తుంటే అద్దంలో తన మొహం కనిపించింది. మాసిన గడ్డం, ఉబ్బిన కళ్ళు. ఎనిమిది నెలలు ఊఁ కొట్టినవాడితో ఏ ఆడదైనా ఎన్నాళ్ళని మాట్లాడుతుంది? మీసమున్నవాడు నాలుగు మాటలు చెబితే నవ్వదూ మరి?

తప్పు తనదేనని తెలిసినా కడుపులో మంట చల్లారలేదు. పైగా ఇంకా ఎగసింది.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భోజనం గబగబా కానిచ్చాడు. హాల్లో పేపరు చేతికివ్వడం ఆలస్యం, ఇంకో దారిన మెట్లు దిగి, ఆవిడకంటే ముందే వెళ్ళి లైఫ్‌బోటు వెనక నక్కాడు. జేబులో పెద్ద రెంచి. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. వాడి మీసం ఉండాలి, లేదా తన పరువుండాలి.

భార్య వచ్చింది. మెకానిక్ లేచి నిలబడ్డాడు. తాళంచెవి మళ్ళీ చేతులు మారింది.

ఫోర్‌మన్ రెంచి బిగించి పట్టుకుని, ఒక కాలు ముందుకు వేశాడు.

మెకానిక్ గొంతు తగ్గించి అడిగాడు: "కుళాయి, ఫ్యాను, మంచం, అద్దం అన్నీ అయిపోయాయి కదమ్మా, ఇవాళ సారుగారి కోసం ఏది పాడు చెయ్యమంటారు?"