తొడుగులు అందుకునే చెయ్యి

స్కేటింగ్ సమాఖ్య అధ్యక్షుడు మారాడు కాబట్టి కైవల్య చెవిలో కోచ్ కూడా మారింది. ఈ ఏడాది ఇది మూడోసారి. దేశంలో స్కేటర్లందరికీ ఇప్పుడు చెవిలో పలికే యంత్రం గొంతే కోచ్. సమాఖ్యలో ఏ వర్గం గెలిస్తే ఆ వర్గం గొంతు.

“నమస్కారం కైవల్య గారూ. పాత కోచ్ నేర్పిన చివరి జంప్ తీసేస్తున్నాం,” అంది కొత్త గొంతు. జాతీయ జట్టు ఎంపిక పోటీకి ఇంకా పది నిమిషాలే ఉంది.

విశాఖ ఐస్ రింక్ గేటు దగ్గర కైవల్య స్కేట్ల బ్లేడ్లకున్న తొడుగులు తీసి, చూడకుండానే అడ్డుగోడ అవతలికి చాపింది. ఆరేళ్ల కిందటి దాకా అక్కడ వాటిని అందుకోడానికి కోచ్ రోజమ్మ మేడమ్ చెయ్యి ఉండేది. మనుషుల కోచింగ్ రద్దు చేశాక ఆవిడకి లోపలికి పాసు కూడా ఇవ్వలేదు.

తొడుగులు నేల మీద పడ్డాయి.

“ఏటమ్మా, మళ్లీ పడేసేవా?” అన్నాడు గేటు కాపలా సింహాచలం. “ఇలాగియ్యి, నాను పట్టుకుంతాను.”

“వద్దు బాబాయ్. మనిషి సాయం తీసుకున్నానని పోటీలోంచి తీసేస్తారు.”

ఆ జంప్ లేకుండానే స్కేటింగ్ చేసింది. తర్వాత మార్కుల కోసం, ఒకప్పుడు స్కేటరూ కోచూ కలిసి కూర్చునే ఇద్దరు పట్టే బెంచీ మీద ఒక చివర కూర్చుంది.

“ఎంపికయ్యారు, అభినందనలు,” అంది గొంతు. “ఒక్క లోపం మిగిలింది. ఆరేళ్లుగా ప్రతి పోటీలోనూ తొడుగులు కింద పడేస్తున్నారు. రేపటి నుంచి సరిచేద్దాం.”

కైవల్య పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసింది.

“అదొక్కటీ ఉండనివ్వండి.”



“సరే,” అంది గొంతు. “వచ్చే సమాఖ్య ఎన్నికల దాకా ఉంచగలను.”