నాలుగో రబ్బరు

“ముట్టుకోకండి!”

లెక్కల మాస్టారి కేకకి, గేటు తీసుకుని లోపలికి వచ్చిన ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మాస్టారికి అప్పటికే ప్రాణం విసిగిపోయి ఉంది. నాలుగు సిలిండర్ల ఆ పాత మోటార్‌సైకిల్‌ని వరండాలో పెట్టి తుడిస్తే చాలు, దారిన పోయే ప్రతివాడూ లోపలికి వచ్చేస్తాడు. మైలేజీ ఎంతని ఒకడు, అమ్ముతారా అని ఇంకొకడు. ఆరేళ్లపాటు ఒక్కో బోల్టూ ఏరుకొచ్చి నిలబెట్టిన బండి అది. ఆదివారం పాత బళ్ల ర్యాలీలో భార్యని వెనక ఎక్కించుకుని మొదటిసారి నడపాలి.

ముసలాయన మైలేజీ అడగలేదు. మళ్లీ వంగి, కార్బురేటర్‌కీ ఇంజనుకీ మధ్యనున్న నాలుగు రబ్బరు గొట్టాల్లో చివరిదాన్ని వేళ్లతో నొక్కి చూశాడు.

“చెబితే అర్థం కాదా?”

“ఇది మార్చాలి బాబూ. ఎక్కువ రోజులు ఆగదు.”

“వేసి మూణ్నెల్లు కాలేదు!”

“అందుకే వచ్చాను. అసలు నేను...”

“మీరెవరైతే నాకేంటండీ? ఈ రబ్బర్లు కంపెనీయే మానేసి ముప్పై ఏళ్లయింది. ఒకే ఒక్కాయన ఇంట్లో కూర్చుని చేత్తో చేసి పంపిస్తున్నాడు. ఉత్తరం రాస్తే పార్సిల్ వస్తుంది. ఆయన మొహం కూడా నేను చూళ్లేదు. కనబడితే కాళ్లకి దండం పెడతా!”

ముసలాయన తల దించుకున్నాడు.

“ఆయనకీ ఒక్కోసారి రబ్బరు పాకం తప్పుతుంది బాబూ.”

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆయన్ని అనేంత మొనగాడివా నువ్వు? నడు బయటికి!”

“ఒక్క మాట...”

మాస్టారు రెక్క పట్టుకుని గేటు దాటించి, గడియ పెట్టారు.

“ఎవరండీ?” భార్య లోపల్నుంచి అడిగింది.

“పనీపాటా లేనివాడు. నాకే పాఠం చెబుతున్నాడు!”

“ఎవర్నైనా ఎప్పుడైనా పూర్తిగా మాట్లాడనిచ్చారా మీరు?”

ఆ మాట కూడా మాస్టారు పూర్తిగా వినలేదు.

ఆదివారం బండి వీధి చివరిదాకా కూడా వెళ్లలేదు. నాలుగో రబ్బరు చీలి, ఇంజను గాలి పీల్చేసి, అదుపు లేకుండా అరిచి ఆగిపోయింది. భార్య దిగి ఇంటికి నడిచింది. బండి తోసుకుంటూ వెనకే నడిచిన మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

కొత్త రబ్బరు కోసం ఉత్తరం రాశారు. జవాబు లేదు. ఇంకోటి రాశారు. దానికీ లేదు. రెండు నెలలు చూసి, విసుగెత్తి, పాత పార్సిల్ మీదున్న నంబరుకి ఫోన్ చేశారు. ఒకమ్మాయి పలికింది.

“నాన్న పోయి రెండు నెలలు దాటిందండీ. ఆ పని ఇంకెవరికీ రాదు.”



“అంత గొప్ప మనిషిని ఒక్కసారి కూడా చూడలేకపోయానమ్మా.”

“చూసే ఉంటారండీ. చివరిసారి చేసిన రబ్బర్లు సరిగ్గా కుదరలేదని, అవి కొన్న తొమ్మిదిమంది ఇళ్లకీ తనే వెళ్లారు, ఊరికే మార్చి ఇవ్వడానికి.”

“తొమ్మిదిమందికీ ఇచ్చారా?” అడిగారు మాస్టారు.

“ఎనిమిదిమందికే ఇచ్చారండీ. ‘తొమ్మిదో ఆయన నన్ను పొగిడే తొందరలో నన్నే గెంటేశాడమ్మా’ అని చెప్పి నవ్వేవారు... అది మీరేనా అండీ?”