అర్చా పొగ

కాబోయే అత్తగారు జూరకన్ నా చెవులకు కమ్మలు పెట్టి సంబంధం ఖాయం చేయడానికి బిష్కెక్‌లోని మా ఫ్లాటుకు వస్తున్నారు. ఆవిడకు పిల్లులంటే గిట్టదేమోనని నాకు గుబులు.

పొద్దున్నే మా పిల్లి దొడ్డికెళ్లే తొట్టి కడిగి, ఇసుక మార్చాను. అయినా నమ్మకం చాలక, సాంబ్రాణి వేసినట్టు దాని చుట్టూ ఘాటు వాసనొచ్చే అర్చా చెట్టు కొమ్మ కాల్చి గుప్పున పొగ పెట్టాను.

అత్తగారు వచ్చారు. ఆవిడ శాలువా కూడా అదే వాసన కొడుతుంటే, మా పొగే పట్టిందనుకున్నాను. గుమ్మానికి దూరంగా, పెద్దలు కూర్చునే చోట మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టాను. ఆవిడ కమ్మలు బయటికి తీశారు.

సరిగ్గా అప్పుడే పిల్లి తొట్టి దగ్గరికి వెళ్లి, వాసన చూసి, తుమ్మింది. తోక ఎత్తి గిరుక్కున తిరిగొచ్చి, అత్తగారి పరుపు అంచున కూర్చుని పని కానిచ్చేసింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమే మీరిమ్, తొట్టి దగ్గర పొగ పెట్టావా?"

"వాసన రాకూడదని... అత్తయ్యా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముక్కు పగిలే పొగలోకి అదెట్లా పోతుంది? రోజూ రెండుపూటలా ఎత్తిపోస్తే చాలదూ?"

"మీకెలా తెలుసు?"

ఆవిడ శాలువా మీంచి ఒక పసుప్పచ్చ వెంట్రుక తీసి నా అరచేతిలో పెట్టారు.

"మా ఇంట్లో ఏడు పిల్లులున్నాయే! తెలిస్తే పెళ్లి వద్దంటావని పొద్దుట్నించీ ఈ శాలువాకి అర్చా పొగ పట్టించా. ఊపిరాడక చస్తున్నా, ముందా కిటికీ తియ్యి!"