మూడో పాట

"ఈ రికార్డు ఎవరు పెట్టారు?"

ఉల్లిపాయలు తరుగుతున్న భార్య తలెత్తలేదు. "నాకేం తెలుసండీ? మీ రికార్డుల జోలికి నేనెప్పుడైనా వెళ్ళానా?"

మెకానిక్ మళ్ళీ భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. ఊళ్ళో రికార్డ్ ప్లేయర్లు బాగుచేసేది అతనొక్కడే. ముల్లు మొన చూసి, అది ఎన్ని గంటలు తిరిగిందో చెప్పగలడు. ఇంటి ప్లేయర్‌కి కొత్త ముల్లు వేసి ఏడాది కూడా కాలేదు. అతను వాడేది ఆదివారం పొద్దున ఒక్క గంట. అలాంటిది మొన రెండు పక్కలా చదునుగా అరిగిపోయింది. రికార్డు మీద మిగతా పాటలన్నీ నల్లగా నిగనిగలాడుతుంటే, మూడో పాట గాడి మాత్రం బూడిదరంగుకి తిరిగింది.

తను లేనప్పుడు ఎవరో వింటున్నారు. అదీ ఒకే పాట, వందలసార్లు. అతని ఒళ్ళు మండిపోయింది.

అవి బ్రెజిల్ పాటలు. ఇరవై ఏళ్ళ కిందట రేవుకొచ్చిన ఓడలోని వంటవాడొకడు ప్లేయర్ బాగుచేయించుకుని, వెళ్తూ వెళ్తూ పదకొండు రికార్డులు అతని చేతిలో పెట్టిపోయాడు. ఆ భాష ముక్క రాదు. అయినా ఆ గిటారు, చెవిలో రహస్యం చెప్పినట్టుండే ఆ ఆడగొంతు, తాళానికి రవ్వంత ఆలస్యంగా వచ్చి పడే ఆ మాటలు మొదటిసారి విన్నరోజు అతనికి అన్నం సయించలేదు. ఆ ఆలస్యం ఎంతో పట్టుకోవాలని ఇరవై ఏళ్ళుగా తొడమీద దరువేస్తూనే ఉన్నాడు. ఒక్కసారీ కుదర్లేదు.

వినేటప్పుడు కిటికీలు మూసేస్తాడు. ఎందుకని అడిగితే "దుమ్ము" అంటాడు. పెళ్ళయిన కొత్తలో భార్య వచ్చి పక్కన కూర్చోబోతే "నీకర్థం కాదులే" అన్నాడు. ఆమె మళ్ళీ కూర్చోలేదు.

మర్నాడు కొట్లో సంగతి చెబితే, పక్క కొట్లో తాళాలు చేసే అతను ముందు నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు.

"ముల్లు దానంతటది అరగదు బావా. మా చెల్లెమ్మని ఏమీ అనట్లేదు. కానీ ఒకసారి మధ్యాహ్నం పూట చెప్పకుండా ఇంటికెళ్ళి చూడు."

"ఎవరుంటారని?"

"మీ కింద గదిలో ఫ్లూటు నేర్పే మాస్టారున్నాడుగా. ఒంటరివాడు. పైగా పాటలవాడు."

ఆ సాయంత్రం మెట్లమీద మాస్టారే ఎదురయ్యాడు, ఈల వేస్తూ. మూడో పాట! మెకానిక్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటి మాస్టారూ, కొత్త పాట?"

"ఏమోనండీ, ఎక్కడో చెవినపడింది. వదలట్లేదు," అని మాస్టారు నవ్వుకుంటూ దిగిపోయాడు.

ఈలలో లయ మాత్రం తప్పింది. మెకానిక్‌కి అదొక్కటే కాస్త ఊరట.

ఇంట్లో అతని కుర్చీ ఎప్పుడూ గోడకి ఆని ఉంటుంది. ఇప్పుడది జానెడు ముందుకి, ప్లేయర్ వైపు జరిగి ఉంది. తన కుర్చీలో కూర్చుంటున్నారు. తన పాట వింటున్నారు. ఆ రాత్రి భోజనంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"మాస్టారు పైకొస్తుంటాడా?" అని అడిగాడు.

"నీళ్ళు రాకపోతే అడగడానికొస్తాడు. ఏం?"

"ఏం లేదు."

బుధవారం మధ్యాహ్నం కొట్టు మూసేసి ఇంటికి నడిచాడు. మాస్టారి గదికి తాళం వేసి ఉంది. అంటే పైనే ఉన్నాడన్నమాట! మెకానిక్ మెట్లెక్కాడు. పదిహేనేళ్ళ కాపురం ఈ తలుపు తీస్తే ఉంటుందో పోతుందో.

తలుపు అవతల మూడో పాట తిరుగుతోంది. అందులో పాడేది ఒక్క గొంతే. ఇప్పుడు రెండు వినిపిస్తున్నాయి. చప్పుడు కాకుండా తాళం తిప్పి తోశాడు.

భార్య ఒక్కతే ఉంది. అతని కుర్చీలో కూర్చుని, ఒళ్ళో బట్టలు మడతపెడుతూ, కళ్ళు మూసుకుని పాడుతోంది. అతన్ని చూసి ఉలిక్కిపడి లేచింది. బట్టలు కిందపడ్డాయి.

"మాస్టారేడీ?"

"బుధవారం కదా, బడికి పాఠాలు చెప్పడానికెళ్ళాడు. ఆయనతో మీకేం పని?" అని, అతని మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో రామా! ఇన్నాళ్ళూ అదా మీ బాధ? మీమీద ఒట్టు, ఈ గదిలోకి మగపురుగు అడుగుపెట్టలేదు."

అతను నమ్మాడు. ఆమె అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు.

"మరి ఆ రోజు నాకేం తెలుసన్నావేం?"

"తిడతారని. పది నెలలయింది. ఇల్లు బోసిగా ఉందని ఊరికే పెట్టా. తర్వాత వినకుండా ఉండలేకపోయా. కిటికీ తీసి వింటే ఎంత బాగుంటుందో! పాపం, మాస్టారికీ అలాగే అంటుకుంది."

"నువ్వు కూడా పాడుతున్నావు," అన్నాడు నీరసంగా.

"మాటలు రావుగా, ఏదో కూనిరాగం." ఆమె మొహం వెలిగింది. "అవునూ, రెండో చరణానికి ముందు ఆవిడ సన్నగా నవ్వుతుంది, మీరెప్పుడూ చెప్పలేదేం?"

"నవ్వుతుందా?"

ముల్లు వెనక్కి పెట్టింది. నిజమే. ఊపిరిలో కలిసిపోయేంత చిన్న నవ్వు. ఇరవై ఏళ్ళలో అతను విననే లేదు. ఆ నవ్వు వెనకే భార్య గొంతు కలిపింది. తాళానికి సరిగ్గా ఆ రవ్వంత ఆలస్యంగా, అలవోకగా, కిందపడ్డ బట్టలు ఏరుకుంటూ.

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"అనుమానం తీరిందిగా! ఇంకా ఆ మొహమేంటండీ?" అంది ఆమె.

ఆ ఫ్లూటు మాస్టారే వచ్చిపోతున్నా ఇంతకంటే నయమనిపించింది అతనికి.