వార్తల ఉపవాసం

యెషయా మళ్లీ ఖోస్లా గుమ్మంలో కనిపించాడని పక్క ఫ్లాటు భానుమతి కూరగాయల బండి దగ్గర మార్త చెవిన వేసింది. మార్త ఇంటికొచ్చి, చేతిలో సంచీ దింపకముందే మొగుడికి అప్పజెప్పింది.

“ఎన్నికల ముందు ఆయన్ని అన్నన్ని తిట్లు తిట్టి, ఇప్పుడు పొద్దున్నే పోయి ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారట. మనిషన్నాక కాస్తన్నా ఉండాలి కదా మార్తగారూ అంటోంది.”

“నాకు లైట్లు కావాలి. భానుమతి మెప్పు కాదు” అన్నాడు యెషయా, బూట్ల లేసులు ముడేసుకుంటూ.

మెట్రో స్టేషన్ నుంచి, దేశ రాజధాని శివారు ద్వారకలోని వాళ్ల సొసైటీ గేటు దాకా వీధి దీపాలు వెలగడం మానేసి చాలా కాలమైంది. కూతురు కెరెన్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఆ చీకట్లోనే నడిచి రావాలి. ఓసారి బైకు మీద ఎవడో ఆమె భుజానికున్న బ్యాగు లాగాడు. ఆమె వదల్లేదు, వాడే కింద పడ్డాడు. కెరెన్ ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. తండ్రికి మాత్రం నవ్వు రాలేదు.

ఖోస్లా అంటే యెషయాకి మొదటి నుంచీ పడదు. ‘వాడు గానీ ఎమ్మెల్యే అయ్యాడో, ఆ దీపాలు ఈ జన్మకి వెలగవు’ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ దిగులుతోనే ఎన్నికల నెలంతా టీవీకి అతుక్కుపోయాడు. ఒక చానెల్ ఖోస్లాదే గెలుపంటే ఇంకో చానెల్ పెట్టేవాడు. అదీ అదే మాటంటే ఓ మాత్ర మింగేవాడు. రిటైరైన ఫార్మసిస్టు ఇంట్లో మాత్రలకేం కరువు? అన్నం సహించదు, కంటి మీద కునుకు లేదు. ఓ ఆదివారం ప్రార్థన మధ్యలో పక్కాయన్ని మోచేత్తో పొడిచి, “మీ సెక్టారులో గాలి ఎటుందండీ?” అని అడిగాడు.

ఓటేసొచ్చిన సాయంత్రం కెరెన్ ఆయన బీపీ చూసింది. పల్లెత్తు మాట అనకుండా టీవీ వైరు పీకి తన బీరువాలో పెట్టి తాళమేసింది.

“బస్, డాడీ. ఈస్టర్ దాకా వార్తలు బంద్. లెంట్ ఉపవాసాల్లో మాంసం మానేస్తారు కదా, అలాగే ఇదీ.”

ఉపవాసాలు యెషయాకి కొత్త కాదు. పట్టాడంటే పట్టాడే. పేపరు మాన్పించాడు. ఫోన్లో చర్చి పాటలు తప్ప ఏమీ మిగల్చలేదు. ఎవరైనా ఎన్నికల మాటెత్తితే రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకునేవాడు.

ఓట్ల లెక్కింపు రోజున మాత్రం వేళ్లు పెట్టినా ఆగని చప్పుడొచ్చింది. ఖోస్లా ఇంటి ముందు ఒకటే ఢోలు మోత, టపాసులు. బాల్కనీలోంచి చూస్తే ఆ వీధంతా పొగ.

“ఏమండీ, అదీ…” అంటూ మార్త నోరు తెరిచింది.

“ఉపవాసం!” అని చెయ్యి అడ్డం పెట్టాడు. “నాకు అర్థమైందిలే.”

వింతేమిటంటే ఆ పూట కడుపునిండా తిన్నాడు. భయపడిందేదో అయిపోయాక ఇక భయపడటానికేముంది? డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆ నడకేదో పనికొచ్చే వైపు నడుద్దామని మర్నాడే ఖోస్లా ఇంటికి బయల్దేరాడు.

వాకిట్లో జనం లేరు. టెంటు హౌసువాళ్లు కుర్చీలు బండికెక్కిస్తున్నారు. ఖోస్లా ఒక్కడే మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎంత సాదా మనిషి అనుకున్నాడు యెషయా, ఇష్టం లేకపోయినా.

“నమస్తే, ఎమ్మెల్యే సాబ్. మా రోడ్డు మీద లైట్లు లేవు.”

గేటు దగ్గరున్న వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు. ఖోస్లా వాణ్ణి ఓ చూపు చూసి, కప్పు కింద పెట్టాడు. యెషయాని ఎగాదిగా చూశాడు. ఆయన మొహంలో వెటకారమేదీ దొరక్కపోయేసరికి కాస్త జరిగి చోటిచ్చాడు.

“బైఠియే అంకుల్ జీ. ఏ రోడ్డు?”

ఇక రోజూ అదే వరస. యెషయా వెళ్లి కూర్చోవడం, ఎమ్మెల్యే సాబ్ అనడం, ఇద్దరూ చాయ్ తాగడం. “మీ నోట ఆ పిలుపు వింటే బాగుంటుంది అంకుల్ జీ” అన్నాడోసారి ఖోస్లా. కొత్త పదవి మోజు అనుకున్నాడు యెషయా.

మొదట్లో ‘దేఖేంగే, చూద్దాం’ అన్న మనిషి మెల్లగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఫోన్లకు పని జరక్కపోతే స్కూటర్ తీసి, యెషయాని వెనక ఎక్కించుకుని దీపాల సంగతి చూసే ఆఫీసుకి తీసుకెళ్లాడు. అక్కడి ఇంజనీరు కళ్లజోడు సర్దుకుని, “మీరొచ్చారేంటి సార్?” అన్నాడు.

“మా ఏరియా. నేను రాకపోతే ఇంకెవరొస్తారయ్యా?” అని ఖోస్లా ఆఫీసంతా వినబడేలా అరిచాడు. యెషయాకి ఒళ్లు పులకరించింది.

బీపీ దిగింది. మాత్ర సగమైంది. ఓ సాయంత్రం మెట్రో నుంచి గేటు దాకా దీపాలన్నీ వెలిగాయి. కెరెన్ ఆ వెలుగులో, దారిలో కొన్న వేరుశనక్కాయలు వొలుచుకు తింటూ తీరిగ్గా నడిచొచ్చింది.

ఆదివారం చర్చి అవగానే యెషయా పూలదండ కొన్నాడు. జంతికల డబ్బాతో మార్తనీ, వెంట కెరెన్‌నీ తీసుకుని ఖోస్లా ఇంటికెళ్లాడు. ఏం జరుగుతుందో చూద్దామని భానుమతీ వెనకే వచ్చింది.

యెషయా దండ వేసి, గొంతు సవరించుకున్నాడు. బాపట్ల యాస హిందీలో మొదలుపెట్టాడు.

“సాబ్, నిజం దాచుకోలేను. నేను మీకు ఓటెయ్యలేదు. మీరు గెలుస్తారేమోనన్న బెంగతో నాకు జబ్బే చేసింది. నా ఓటు మీ మీద నిలబడ్డ ఆ రెండో ఆయనకి వేశాను. పొరపాటైంది. ఆయనే గనక గెలిచుంటే, మా దీపాలు వెలిగేవా చెప్పండి?”

మార్తా కెరెనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “డాడీ…” అంటూ కెరెన్ ఆయన చొక్కా పట్టి లాగింది.

ఖోస్లా జంతిక తీరిగ్గా నమిలి మింగి, అన్నాడు: “అంకుల్ జీ, ఆ రోజు నా ఇంటి ముందు ఢోలు కొట్టించింది ఆయన మనుషులు. గెలిచింది ఆయనే.”