విచారణకొచ్చినవాడు

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా? నీలాంటి పిరికివాళ్ళ వల్లే పోలీసులు ఇలా తయారయ్యారు!" పోలీసుల మీద ఫిర్యాదులు వినే పౌరుల కమిటీ అధ్యక్షురాలు వెల్డరు ఇంటి గుమ్మంలోనే విరుచుకుపడింది.

చేతికి కట్టుతో ఉన్న వెల్డరు తల దించుకున్నాడు. భార్య ఊరుకోలేదు.

"విచారణకి మనిషిని పంపింది మీరేగా మేడమ్?"

"మేం రాస్తాం. స్టేషన్ వాళ్ళు పంపుతారు. మాకంటూ వేరే మనుషుల్లేరు."

"పంపారు లెండి! ఈయన చెయ్యి విరగ్గొట్టినవాణ్ణే పంపారు. మా మంచమ్మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, 'ఎవడు కొట్టాడో చెప్పు, రాసుకుంటా' అన్నాడు. మా పిల్ల ఎదురుగా!"

అధ్యక్షురాలు గొంతు తగ్గించింది. "అతన్ని మార్చమని రాస్తాను" అంది.

"ఎవరికి రాస్తారు?"

'స్టేషన్‌కే' అనబోయి ఆగిపోయింది. ఆమెను తీసుకొచ్చిన కారూ స్టేషన్‌దే. డ్రైవరు ఓ చెవి ఇటే వేసి నిలబడ్డాడు.

"ఎందుకొచ్చారసలు? వెళ్ళండి!" అంది భార్య.

అధ్యక్షురాలు బయటికి నడిచింది. డ్రైవరుకు వినబడేలా గట్టిగా చెప్పింది.

"ఇతను ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఇక ఈ ఇంటికి ఎవరూ రానక్కర్లేదని మీవాళ్ళకి చెప్పు."